ఆ మాటకు డబ్బిచ్చింది ఎవరు? – పీఆర్ వృత్తిలో నా అనుభవం

నేను కొన్నేళ్లు ఒక తెలుగు దినపత్రిక డెస్కులో ఉపసంపాదకుడిగా పనిచేసి, ఆ తర్వాత హైదరాబాదులోని ఒక పీఆర్ (ప్రజాసంబంధాల) సంస్థలో చేరాను. డెస్కులో ఉన్నప్పుడు మా ముందుకు వచ్చే ప్రెస్ నోట్లలో మొదట విశేషణాలన్నీ కొట్టేసేవాళ్లం. మిగిలినదాంట్లో వార్త ఏమైనా ఉంటే లోపలి పేజీలో సింగిల్ కాలమ్ ఇచ్చేవాళ్లం. కాబట్టి ఈ వృత్తికి ఉన్న పేరు ఎలాంటిదో తెలిసే ఇందులోకి వచ్చాను. పీఆర్ అనగానే మన దగ్గర జనానికి గుర్తొచ్చేవి ప్రెస్ మీట్ చివర చేతిలో పెట్టే కవరు, సినిమా విడుదలకు ముందే తయారయ్యే పొగడ్తలు, ఎన్నికల వేళ వార్తల ముసుగులో వచ్చే ప్రకటనలు. ఈ చెడ్డపేరు అన్యాయంగా వచ్చిందని నేను అనను. అయితే దానికి అసలు కారణం పీఆర్ వాళ్లు అబద్ధాలు చెప్పడమేనని అందరూ అనుకుంటారు. ఒక రసాయన కర్మాగారంలో ప్రమాదం జరిగిన రాత్రి నుంచి, ఆ కంపెనీతో మా ఒప్పందం ముగిసేవరకు నేను దగ్గరుండి చూసినదాన్ని బట్టి, అబద్ధం కంటే ముందు తప్పుపట్టవలసింది దాపరికాన్ని అని నాకు గట్టిగా అనిపించింది. మాట్లాడుతున్నది ఎవరో, ఆ మాటకు డబ్బిస్తున్నది ఎవరో పాఠకుడికి తెలియకుండా చేయడంలోనే ఈ వృత్తి పరువు పోయింది. ఆ అనుభవాన్ని వరుసగా రాయాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మన దేశం సంగతి ఒకటి చెప్పాలి. 2009 సార్వత్రిక ఎన్నికల్లో అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తలు వేశారన్న ఆరోపణలు దేశమంతటా వచ్చాయి. ఆ విషయాన్ని పరిశీలించడానికి ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమించిన ఉపసంఘంలో ఇద్దరే సభ్యులు: పరంజయ్ గుహా ఠాకుర్తా, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు 71 పేజీల నివేదిక ఇచ్చారు. డబ్బుకు వార్త అమ్మే ఈ వ్యవహారం ఎవరో కొందరు విలేకరుల చేతివాటం స్థాయి దాటి, యాజమాన్యాలు, ప్రకటనల ఏజెన్సీలు, పీఆర్ సంస్థలు కలిసి నడిపే ఏర్పాటుగా మారిందని అందులో రాశారు. ప్రెస్ కౌన్సిల్ 2010లో ఆ నివేదికను పూర్తిగా ప్రచురించకుండా, పేర్లు లేని సంక్షిప్త రూపంతో సరిపెట్టింది. పూర్తి పాఠం 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక గాని బయటికి రాలేదు. దాపరికం గురించి రాసిన నివేదికనే దాచవలసి వచ్చిందంటే ఈ జబ్బు ఎంత లోతుగా పాకిందో ఊహించుకోవచ్చు. మా డెస్కులో ఆ రోజుల్లో జరిగిన చర్చలన్నీ యాజమాన్యాల చుట్టూనే తిరిగాయి గాని, ఆ పేజీలను రాసి పంపిన చేతుల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఆ చేతులు మా వృత్తివాళ్లవే.

ఇక ప్రమాదం విషయానికి వస్తాను. మా ఖాతాదారుల్లో, అంటే మాతో పీఆర్ పని చేయించుకునే సంస్థల్లో, నగర శివారు పారిశ్రామికవాడలో మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. ఒక రాత్రి షిఫ్టులో అక్కడి రియాక్టరు దగ్గర ద్రావకానికి నిప్పంటుకుంది. విశాఖలో 2020 మే 7న స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయిన ఘటనను అప్పటికి ఎవరూ మరిచిపోలేదు కాబట్టి, కర్మాగారం నుంచి పొగ లేచిందంటే చాలు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లలను ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చేస్తారు. అర్ధరాత్రి కంపెనీ ఎండీ కార్యాలయం నుంచి మా సంస్థ అధిపతికి ఫోన్ రావడం, ఆవిడ నన్ను పంపడం, నేను వెళ్లేసరికి గేటు బయట జనం, పోలీసు జీపు, టీవీ చానళ్ల మైకులు ఉండటం అన్నీ గంటన్నరలో జరిగిపోయాయి.

ఇలాంటప్పుడు మొదట తయారుచేసే కాగితాన్ని మా భాషలో 'హోల్డింగ్ స్టేట్‌మెంట్' అంటాం. పూర్తి వివరాలు తెలియకముందే, తెలిసినంతవరకు చెప్పి, మళ్లీ ఎప్పుడు మాట్లాడతామో చెప్పే చిన్న ప్రకటన అది. లోపల మీటింగు గదిలో ప్లాంటు మేనేజరు, హెచ్ఆర్ అధికారి, కంపెనీ న్యాయవాది కూర్చుని ఉన్నారు. అప్పటికే వాళ్లు ఒక ముసాయిదా రాసి పెట్టుకున్నారు. 'స్వల్ప అగ్నిప్రమాదం', 'ముగ్గురికి స్వల్ప గాయాలు', 'పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది' అన్న మూడు వాక్యాలే అందులో ఉన్నాయి. దాన్ని తెలుగులో కాస్త బాగా రాసి పంపిస్తే నా పని అయిపోతుందని వాళ్లు అనుకున్నారు.

నేను ఇద్దరితో మాట్లాడనివ్వమని అడిగాను. ఒకరు గాయపడినవాళ్లను చేర్చిన ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు, రెండోవారు గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. కంపెనీ ద్వారానే ఫోన్ కలిపించుకుని మాట్లాడితే, ఒకరికి ఒళ్లు నలభై శాతం దాకా కాలిందని, ఆయన్ని ఐసీయూకి మార్చారని డాక్టరు చెప్పారు. దాంతో 'స్వల్ప గాయాలు' అన్నమాట పోయింది. సెక్యూరిటీ గదిలో ఉన్న రిజిస్టరు మామూలు పొడవాటి లెడ్జరు పుస్తకం. రాత్రి షిఫ్టుకు వచ్చినవాళ్ల పేర్లు బాల్‌పెన్నుతో, ఒక్కో కాంట్రాక్టరు కింద ఒక్కో వరసలో రాసి ఉన్నాయి. నిప్పంటుకున్నాక అందరినీ బయటికి పంపుతూ సూపర్‌వైజరు ఒక్కొక్కరికీ ఎదురుగా వెళ్లిన సమయం రాశాడు. ఆసుపత్రిలో ఉన్న ముగ్గురి పేర్ల ఎదురుగా ఎర్ర ఇంకుతో టిక్కు ఉంది. ఒక లేబర్ కాంట్రాక్టరు వరసలో చివరి పేరు ఎదురుగా మాత్రం టిక్కూ లేదు, సమయమూ లేదు. ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడని, ఇంటిపేరు కూడా తనకు తెలియదని సూపర్‌వైజరు చెప్పాడు. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే, చేతులు కాలిన ఆ కుర్రాణ్ని తోటివాళ్లు ఆటోలో తీసుకెళ్లి దగ్గర్లోని ఒక చిన్న నర్సింగ్ హోములో చేర్చారని తేలింది. హెచ్ఆర్ లెక్కలో అతను లేడు, ఎందుకంటే కంపెనీ జీతాల జాబితాలో అతను లేడు.

ఆ రిజిస్టరు ముందు నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చిన మనిషి అమెరికాలో ఈ వృత్తికి ఆద్యుల్లో ఒకడైన ఐవీ లీ. 1906లో ఆయన బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తూ, పత్రికా సంపాదకులకు ఒక ప్రకటన పంపాడు. మాది రహస్య వార్తా కార్యాలయం కాదని, మేము ఎవరి తరఫున మాట్లాడుతున్నామో బాహాటంగా చెబుతామని, మేమిచ్చే సమాచారం ప్రకటనల విభాగానికి పంపదగినదని మీకు అనిపిస్తే వేయవద్దని అందులో చెప్పాడు. అదే ఏడాది అక్టోబర్ 28న అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయినప్పుడు, రైల్వే కంపెనీ తరఫున వివరాలు దాచకుండా ప్రకటన ఇచ్చి, విలేకరులను ప్రమాద స్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేసింది కూడా ఆయనే. పీఆర్ పాఠ్యపుస్తకాలు ఇంతవరకు గొప్పగా చెబుతాయి. ఎనిమిదేళ్ల తర్వాత జరిగినదాన్ని అంత వివరంగా చెప్పవు. 1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లో దగ్గర సమ్మెలో ఉన్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. ఒక గుడారం కింది గుంటలో తలదాచుకున్న ఇద్దరు స్త్రీలు, పదకొండు మంది పిల్లలు చనిపోయారు. గనుల యజమాని రాక్‌ఫెల్లర్ కుటుంబం ఐవీ లీని పెట్టుకుంది. ఆయన వరుసగా వేసిన కరపత్రాల్లో సమ్మె నాయకుల జీతాల లెక్కలు విపరీతంగా పెంచి ఉన్నాయి. ప్రభుత్వ విచారణ సంఘం నిలదీసినప్పుడు, కంపెనీ అధికారులు ఇచ్చిన లెక్కలను తాను సరిచూడలేదని ఒప్పుకున్నాడు. బాహాటంగా పనిచేస్తానన్న మనిషే ఖాతాదారు ఇచ్చిన అంకెను అలాగే అచ్చువేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు. మన పేరు పెట్టి చెప్పినంత మాత్రాన సరిపోదు. చెప్పేదాన్ని మనమే వెళ్లి చూసుకోవాలి.

తిరిగి మీటింగు గదికి వచ్చి నలుగురు అని చెప్పినప్పుడు పెద్ద వాదనే జరిగింది. "నాలుగోవాడు మా ఉద్యోగి కాదు సార్, కాంట్రాక్టరు మనిషి" అన్నారు హెచ్ఆర్ అధికారి. న్యాయవాది చెప్పినదాంట్లో మాత్రం న్యాయం ఉంది. ప్రమాదానికి కారణం మనమే అన్న అర్థం వచ్చే మాట ఏదీ ప్రకటనలో ఉండకూడదని, రేపు కోర్టులో అది ఒప్పుకోలుగా మారుతుందని ఆయన అన్నారు. తెలియని కారణాన్ని రాయకపోవడం దాచడం కిందికి రాదు, కాబట్టి ఆ సవరణ నేను వెంటనే ఒప్పుకున్నాను. గాయపడినవాళ్ల సంఖ్య అలాంటిది కాదు. అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ ప్రకారం ప్రమాద సమాచారం ఎలాగూ ఫ్యాక్టరీల శాఖకు వెళ్లాలి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో అదే చట్టంలో చేర్చిన 41బి సెక్షన్ ప్రకారం, ప్రమాదకర ప్రక్రియలు నడిపే యజమాని వాటివల్ల కలిగే ముప్పు గురించి కార్మికులకే కాక పరిసరాల్లోని ప్రజలకు కూడా చెప్పి తీరాలి. ఆ సెక్షన్లు అడిగింది కర్మాగారంలో పనిచేసే మనిషి గురించి. అతని జీతం ఎవరు ఇస్తున్నారన్నది వాటికి అనవసరం. ఈ మాట న్యాయవాదే హెచ్ఆర్ అధికారికి చెప్పారు. నేను చెబితే అంత తొందరగా ఒప్పుకునేవారు కాదేమో.

తెల్లవారుజామున విడుదలైన ప్రకటనలో, రాత్రి షిఫ్టులో రియాక్టరు దగ్గర మంటలు చెలరేగాయని, కాంట్రాక్టు కార్మికుడితో సహా నలుగురు గాయపడ్డారని, వారిలో ఒకరి పరిస్థితి తీవ్రంగా ఉందని, కారణం ఇంకా తెలియలేదని, పొగలో ఏయే పదార్థాలు ఉండే అవకాశం ఉందో, కళ్లు మండితే ఏం చేయాలో, మళ్లీ ఎన్ని గంటలకు వివరాలు ఇస్తారో రాశాం. కింద కంపెనీ పేరు, ఆ కంపెనీ తరఫున దీన్ని విడుదల చేస్తున్న మా సంస్థ పేరు, నా ఫోన్ నంబరు ఉన్నాయి. గేటు దగ్గరికి వెళ్లి కాగితాలు పంచుతుంటే ఆ మండల విలేకరి ఒకాయన, "అన్నా, ముగ్గురేనని మీవోళ్లు రాత్రి ఫోన్‌ల చెప్పిన్రు. బస్తీల నలుగురంటున్నరు. ఏది రాయమంటవ్?" అని అడిగాడు. కాగితం చూపించాను. ఆయన చదివి, ఇంకేం అడగకుండా ఫోన్‌లో ఫొటో తీసి డెస్కుకు పంపుకున్నాడు. తర్వాత ఫ్యాక్టరీల శాఖ చెప్పిన సంఖ్య, మా ప్రకటనలో సంఖ్య ఒకటే కావడంతో, ఆ వారమంతా విలేకరులు వదంతి ఏది విన్నా నేరుగా నాకే ఫోన్ చేసి సరిచూసుకున్నారు. ఈ వృత్తిలో ఒక మనిషి సంపాదించుకోగల ఆస్తి అదొక్కటే.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. గాయాల వార్త సద్దుమణిగాక, చుట్టుపక్కల రెండు ఊళ్లవాళ్లు తమ బోరు నీళ్లు రంగు మారాయని కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేశారు. కర్మాగారం మూసేయాలని ధర్నాకు దిగారు. కంపెనీ నుంచి మాకు కొత్త పని వచ్చింది. స్థానిక యువకులతో ఒక 'ఐక్యవేదిక' పెట్టించాలి, దాని పేరుతో సోమాజిగూడ ప్రెస్ క్లబ్బులో సమావేశం ఏర్పాటు చేయాలి, కర్మాగారం వల్ల ఊరు ఎలా బాగుపడిందో చెబుతూ నాలుగైదు పేర్లతో పత్రికలకు లేఖలు వెళ్లాలి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడానికి చిన్న వీడియోలు కావాలి. ఫ్లెక్సీల నుంచి భోజనాల వరకు ఖర్చంతా కంపెనీదే. కంపెనీ పేరు మాత్రం ఎక్కడా కనిపించకూడదు.

కంపెనీ అధికారి వాదనను తేలిగ్గా తీసేయడానికి లేదు. "ఊళ్లో సగం ఇళ్లలో మా జీతంతోనే పొయ్యి వెలుగుతోంది. ధర్నా చేసేవాళ్ల మాటే పేపర్లో రావాలా, వీళ్ల మాట రావద్దా?" అన్నారు ఆయన. రావాల్సిందే. కర్మాగారం మూతపడితే రోడ్డున పడేవాళ్లు నిజంగానే ఉన్నారు, వాళ్లకు గొంతు ఉండాలి. అందుకని నేను ఒక ప్రత్యామ్నాయం రాసిచ్చాను: ఆ కార్మికులు తమ పేర్లతో, తాము ఈ కంపెనీలో పనిచేస్తున్నామని చెప్పి మాట్లాడాలి, హాలు అద్దె కంపెనీ కట్టిందని ఆహ్వానంలోనే ఉండాలి, నీటి నమూనాలను కంపెనీ ఖర్చుతో, ఫిర్యాదుదారుల ఎదుట తీయించి, ఫలితం ఎలా ఉన్నా ప్రకటించాలి. అధికారి చదివి పక్కన పెట్టేశారు. "మా పేరు కనపడితే ఎవరు నమ్ముతారండీ?" అన్నారు.

ఆ ఒక్క ప్రశ్నలో ఈ వృత్తి చరిత్ర అంతా ఉంది. కంపెనీ మా దగ్గర కొనదలచుకున్నది మంచి వాక్యాలను కాదు. తన మాట తనది కానట్టు కనిపించడాన్ని. ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నాక, 1990 అక్టోబర్ 10న అమెరికన్ కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు నయీరా అనే పదిహేనేళ్ల అమ్మాయి, కువైట్ ఆసుపత్రిలో ఇరాకీ సైనికులు పసిపిల్లలను ఇంక్యుబేటర్ల నుంచి తీసి నేల మీద పడేశారని కన్నీళ్లతో చెప్పింది. ఆ సాక్ష్యం ఇరాక్ మీద యుద్ధానికి మద్దతు కూడగట్టడంలో పెద్ద పాత్ర పోషించింది. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కూతురని, ఆ ప్రచారం నడిపించిన 'స్వేచ్ఛా కువైట్ పౌరులు' అనే సంస్థకు డబ్బు దాదాపు అంతా కువైట్ ప్రభుత్వం నుంచే వచ్చిందని, వెనక హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ సంస్థ ఉందని లోకానికి తెలిసేసరికి యుద్ధం ముగిసిపోయింది. రాయబారి కూతురినని ఆ అమ్మాయి మొదటే చెప్పి ఉంటే, వినేవాళ్లు వెంటనే ఇంకో సాక్షి కోసం అడిగి ఉండేవారు. అడగాల్సిన ప్రశ్న అడగకుండా చేయడమే ఆ ప్రచారం సాధించిన పని.

దీని గురించి మా సంస్థ అధిపతితో ఒక సాయంత్రమంతా మాట్లాడాను. ఆవిడ సూటిగానే అడిగారు: "ఈ ఖాతా పోతే ఇద్దరి జీతాలకు లోటొస్తుంది. నువ్వు చెప్పేది నీతి గురించా, మనకొచ్చే నష్టం గురించా?" రెండింటి గురించీ అని చెప్పాను. అప్పుడే లండన్‌లోని బెల్ పాటింజర్ సంగతి ఎత్తాను. బ్రిటన్‌లో పేరుమోసిన ఆ పీఆర్ సంస్థ, దక్షిణాఫ్రికాలో వ్యాపారాలు చేసే గుప్తా సోదరుల కంపెనీ దగ్గర నెలకు లక్ష పౌండ్లు తీసుకుని, ఆ కుటుంబం మీద వస్తున్న అవినీతి ఆరోపణల నుంచి చూపు మళ్లించేలా, 'శ్వేతజాతి గుత్త పెట్టుబడి' అన్న నినాదంతో జాతి విద్వేషాన్ని రేపే ప్రచారం నడిపింది. దొంగ ట్విట్టర్ ఖాతాలు ఆ నినాదాన్ని ఊరూరా తిప్పాయి. దక్షిణాఫ్రికాలో అప్పటి ప్రతిపక్షం డెమొక్రటిక్ అలయన్స్ ఫిర్యాదు మీద విచారణ జరిపి, బ్రిటన్ పీఆర్ సంస్థల సంఘం 2017 సెప్టెంబర్ 4న దాన్ని బహిష్కరించింది. ఖాతాదారులు వరసగా వెళ్లిపోయారు. అదే నెల 12న సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. మర్నాడు కంపెనీకి ఉత్తరం రాశారు: మీ పేరుతో చేసే పని ఏదైనా చేస్తాం, పేరు లేని పని చేయము. వాళ్లు ఒప్పందాన్ని పొడిగించలేదు.

ఐక్యవేదిక ఆగలేదు. కొద్ది రోజులకే అది ప్రెస్ క్లబ్బులో సమావేశం పెట్టింది. రెండు జిల్లా ఎడిషన్లలో వార్త వచ్చింది. పాత మిత్రుడైన ఒక రిపోర్టరు ఫోన్ చేసి, "ఇది మీరేనా?" అని అడిగాడు. మేము కాదని చెప్పాను. "మరి ఎవరు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది, చెప్పే హక్కు లేదు. ఖాతాదారు మాతో చర్చించిన ఆలోచనలు ఒప్పందం ముగిశాక కూడా గోప్యంగానే ఉంచాలి; అది లేకపోతే ఏ కంపెనీ తన ఇబ్బందిని మాకు నిజంగా చెప్పదు, చెప్పకపోతే ఆ రాత్రి రిజిస్టరు నా చేతికి వచ్చేదీ కాదు. "ఆ సమావేశానికి హాలు ఎవరు బుక్ చేశారో వాళ్లనే అడగండి" అని మాత్రం అన్నాను. అంతకంటే ఎక్కువ చెప్పి ఉండాల్సిందని మా సంస్థలోనే కొందరు అన్నారు, అంత కూడా చెప్పకూడదని మరికొందరు అన్నారు. నా మట్టుకు, విలేకరిని సరైన ప్రశ్న వైపు నడిపించడం వరకు మా హద్దు అని ఇప్పటికీ అనుకుంటున్నాను. ప్రాణాలకు ముప్పున్న విషయమైతే ఆ హద్దు నాకు వర్తించదు. అప్పుడు నేరుగా కాలుష్య నియంత్రణ మండలికే చెబుతాను.

ఆ తర్వాత మా సంస్థలో ఒక నియమం రాసుకున్నాం. ముసాయిదా నాకే అప్పగించారు. మేము రాసిన ఏ మాటైనా, ఎక్కడ వచ్చినా, దానికి డబ్బిచ్చినవారి పేరు దాంతోపాటే ఉండాలన్నది దాని సారం. రాయడానికి ఒక్క వాక్యమే, అమలుకు వచ్చేసరికి ప్రతి చోటా కొత్త ప్రశ్న పుట్టింది. ఎండీల పేరుతో మేము రాసిపెట్టే వ్యాసాల సంగతేమిటని ఒక సహోద్యోగి అడిగింది. ఎండీ చదివి, తన అభిప్రాయంగా ఒప్పుకుని, తన హోదాతో వేయించుకుంటే అందులో మోసం లేదు, ఎందుకంటే ఆ మాటలో ఎవరి స్వార్థం ఉందో పాఠకుడికి కనబడుతూనే ఉంది. అదే వ్యాసాన్ని ఒక డాక్టరు చేతో, ప్రొఫెసరు చేతో సంతకం పెట్టించి పంపితే అది ఐక్యవేదిక లాంటిదే. పరిశ్రమను చూపించడానికి విలేకరులను విమానంలో తీసుకెళ్తే, ఆహ్వానం మీద వెళ్లినట్టు వార్త కింద వేయమని అడగాలి. వేస్తారా లేదా అన్నది పత్రిక ఇష్టం, అడగడం మా బాధ్యత. సోషల్ మీడియాలో పేరున్నవాళ్లకు డబ్బిచ్చి చెప్పించేవాటికి ప్రకటన అన్న గుర్తు ఉండాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది కాబట్టి దాని గురించి వాదన రాలేదు.

కవర్ల గురించి మాత్రం చాలాసేపు మాట్లాడుకున్నాం. అవి ఖాతాదారుల బిల్లుల్లో 'రవాణా ఖర్చులు' అన్న పద్దు కింద వచ్చేవి. ఆ పద్దు తీసేద్దామంటే, మండలాల్లో విలేకరికి పత్రిక ఇచ్చేది పెట్రోలుకు కూడా చాలదని, పైగా ప్రకటనలు తెమ్మని ఒత్తిడి చేస్తారని, కవరు ఆపితే దెబ్బ తగిలేది అతనికేనని మా ఫీల్డు ఉద్యోగి వాదించాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ అన్యాయాన్ని సరిచేయవలసింది పత్రికల యాజమాన్యాలు. మేము ఇచ్చే కవరు ఆ అన్యాయాన్ని నిలబెడుతుంది గాని పోగొట్టదు, పైగా పేదవాడి అవసరాన్ని మా ఖాతాదారు ప్రయోజనానికి వాడుకుంటుంది. పద్దు తీసేశాం. కొన్నాళ్లు మా ప్రెస్ మీట్లకు కెమెరాలు తగ్గాయి.

అన్నిటికంటే కష్టమైనది నెలవారీ నివేదిక. ఖాతాదారుకు మేము పంపే క్లిప్పింగుల ఫైలులో, వచ్చిన ప్రతి వార్తను కాలమ్ సెంటీమీటర్లలో కొలిచి, ఆ పత్రిక ప్రకటన రేటుతో గుణించి, ప్రకటన కంటే వార్తను జనం ఎక్కువ నమ్ముతారన్న లెక్కతో దాన్ని మళ్లీ మూడు రెట్లు చేసి, ఇంత విలువైన ప్రచారం సంపాదించిపెట్టామని చూపేవాళ్లం. 2010లో బార్సిలోనాలో అంతర్జాతీయ కొలమానాల సంఘం, ఈ లెక్క పీఆర్ పనికి విలువ కాదని స్పష్టంగా ప్రకటించింది. అయినా మన దేశంలో చాలాచోట్ల అదే లెక్క నడుస్తోంది. దాని లోపల ఉన్న సూత్రాన్ని గమనించండి: ప్రకటన అని పేరు పెట్టి వేస్తే ఒక రెట్టు, పేరు దాచి వార్తగా వేయిస్తే మూడు రెట్లు. దాపరికానికి ధర కట్టి, ప్రతి నెలా బిల్లుతో పాటు పంపుతున్నాం. ఈ పట్టిక ఉన్నంతకాలం ఎన్ని నియమావళులు రాసుకున్నా ఉద్యోగి మూడు రెట్ల వైపే నడుస్తాడు. మా నివేదికలో ఆ కాలమ్ తీసేసి, వచ్చిన వార్తల్లో తప్పులు ఎన్ని, ఫిర్యాదులకు ఎంత సమయంలో జవాబిచ్చాం, ఖాతాదారు చెప్పిన మాట తర్వాత నిజమని తేలిందా అన్నవి పెట్టాం. కొందరు ఖాతాదారులు పాత పట్టికే కావాలని వేరే సంస్థకు వెళ్లారు.

నియమావళులు మన దేశానికి కొత్త కాదు. 1958లో ఏర్పడిన భారత ప్రజాసంబంధాల సంఘం, 1968 ఏప్రిల్ 21న ఢిల్లీలో జరిగిన తొలి అఖిల భారత సదస్సులో ఈ వృత్తి నీతికి సంబంధించిన అంతర్జాతీయ ఏథెన్స్ నియమావళిని స్వీకరించింది. ఆ తేదీనే ఇప్పటికీ జాతీయ ప్రజాసంబంధాల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. హైదరాబాదులో కూడా ఆ రోజు సభలు, సన్మానాలు ఉంటాయి. డాక్టరుకూ న్యాయవాదికీ ఉన్నట్టు మాకు లైసెన్సు లేదు, సంఘంలో చేరడం ఐచ్ఛికం, చేరకపోయినా వృత్తి నడుస్తుంది. నేను దీనికి ప్రభుత్వ లైసెన్సు కోరేవాణ్ని కాదు. ఎవరు మాట్లాడవచ్చో సర్కారు నిర్ణయించే రోజు పత్రికలకూ మంచిది కాదు. నేను కోరేది బెల్ పాటింజర్ విషయంలో లండన్ సంఘం చేసినది: ఫిర్యాదు ఎవరైనా ఇవ్వగలగాలి, విచారణ గడువులోగా ముగియాలి, తీర్పు సంస్థ పేరుతో సహా ప్రచురించాలి. ఏప్రిల్ 21 సభల్లో ఈ అంశాన్ని ఎజెండాలో పెట్టమని నేను రాతపూర్వకంగా అడిగాను, వచ్చే ఏడాది కూడా అడుగుతాను. ఈలోగా మా దగ్గరికి వచ్చే కొత్త ఖాతాదారును మొదటి సమావేశంలోనే, మీ పేరు కింద వేయడానికి వీల్లేని పని ఏదైనా మా నుంచి ఆశిస్తున్నారా అని అడుగుతున్నాం. అవునని ఎవరూ అనరు. కొందరు మళ్లీ ఫోన్ చేయరు, మిగిలినవాళ్లతో ఒప్పందం రాసుకుంటాం.